సభ్యుల పట్టీలో జంట పేర్లు

మన ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలు పుస్తకములనుండి కంప్యూటరులోనికి మారుచున్న సంగతి సభ్యులందఱు ఎఱిగినదే. 2022వ సంవత్సరము జూను నెలలో కేంద్రప్రభుత్వమువారు దేశమందలి సుమారు 63,000 సంఘముల లెక్కలను ఇట్లు మార్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును మంజూరు చేసిరి. పుస్తకమునందు ఏండ్లతరబడి దాగియుండు తప్పు కంప్యూటరునందు ఒక్కదినములో బయటపడును. అట్టి తప్పులలో ఒకే మనుష్యుడు రెండు నంబరులతో, రెండు ఖాతాలతో సభ్యుడై యుండుట యొకటి. దీనిని ఆఫీసులలో డూప్లికేటు అందురు. మేము జంట పేరు అని వ్రాయుచున్నాము.

జంట పేర్లను వెదకి సరిదిద్దవలెననుటలో భేదాభిప్రాయము ఉండనక్కఱలేదు. వెదకు పనిని యంత్రమునకు అప్పగింపవచ్చును. కాని పేరు కొట్టివేయు పనినిగూడ యంత్రమునకే విడువవలెనని కొందఱు వాదించుచున్నారు. అది మాకు సమ్మతము గాదు. కారణములను కొంచెము విస్తరించి చెప్పెదము. ఏలయన ఇది గుమాస్తాల పని యని రైతులు ఊరకుండినచో, నష్టము తమ తలుపు తట్టినప్పుడుగాని వారికి తెలియదు.

"ఉన్న పేరు ఉండనిండు, ఎవరికి నష్టము?" అనువారికి ముందుగా ఒక మాట. 1844లో ఇంగ్లండునందలి రాచ్‌డేలు పట్టణమున నేతగాండ్రు మొదలగువారు కూడి దుకాణము పెట్టుకొన్న కాలమునుండి సహకారమునకు మూలమైన నియమ మొక్కటి కలదు: వాటాలెన్ని యున్నను సభ్యునకు ఓటు ఒక్కటే. కంపెనీలలో ఓటు ధనమునకు, సంఘములో మనుష్యునకు. ఒకే మనుష్యుడు పట్టీలో ఇద్దఱైనచో ఆ నియమము కాగితముమీదనే మిగులును. అంతేగాక ఒకే చేను రెండు ఖాతాలలో చూపి రెండు పంటఋణములు పొందుటకు త్రోవ ఏర్పడును. ఆ ఋణము మునిగినచో మునుగునది తక్కిన సభ్యుల వాటాధనమే. కావున చూచిచూడనట్లు పోవుట మంచితనము గాదు.

ఐనను జంట పేర్లన్నియు మోసమువలన పుట్టినవని తలంపరాదు. 1987లో నాటి ఆంధ్రప్రదేశమున సింగిల్ విండో విధానము వచ్చి, పంటఋణము లిచ్చు సంఘములును, భూమి తనఖామీద దీర్ఘకాలిక ఋణము లిచ్చు బ్యాంకులును ఒకచోట చేరినప్పుడు, రెంటను సభ్యుడైన రైతు రెండు నంబరులతో వచ్చి చేరియుండవచ్చును. పుట్టింటివారు పసుపుకుంకుమ క్రింద ఇచ్చిన అరయెకరము ఒక యింటిపేరుతోను, అత్తింటి భూమి వేఱొక యింటిపేరుతోను ఉన్న స్త్రీ పట్టీలో ఇద్దఱు స్త్రీలుగ కనబడును. మేనరికముచే ఊరిలోనే మెట్టినచో రెండు పేర్లును ఒకే సంఘములో నుండును. నేటి పోర్టలుల సంగతి యింకను సులభము. 2016 ఏప్రిల్ 14వ తేదీన ప్రారంభమైన ఈ-నామ్ వంటివానిలో పేరు నమోదు చేసికొన్న రైతు ఫోను పోగొట్టుకొనును. లేదా రహస్యపదము మఱచును. పాత ఖాతా తెఱచుకొనుటకు తంటాలు పడుటకంటె క్రొత్తది తెఱచుకొనుట తేలికగ తోచును. అతని మనస్సులో ఏ దురుద్దేశమును లేదు. ఇక వెంకటేశ్వరరావని యొకసారియు, వెంకటేశ్వర్లని యొకసారియు తెలిసి తెలిసి వ్రాయించుకొను పెద్దమనుష్యులు లేకపోలేదు. వారినిగూర్చి మాకు జాలి లేదు. అయితే యంత్రమునకు ఈ ఇరుతెఱగులవారును ఒకటియే.

వెదకుటకు యంత్రము ఏల కావలెనన్న, లెక్క పెద్దది. వేయిమంది సభ్యులున్న సంఘములో ఒక్కొక్కని తక్కినవారందఱితో పోల్చినచో 4,99,500 జంటలగును. ఏ కార్యదర్శియు దీనిని చేతితో చేయజాలడు. ఊరినిబట్టి విడదీసి, ఒక్కొక్క ఊరిలోనివారిని మాత్రమే పోల్చినచో పని చాల తగ్గును. అందుకును యంత్రమే తగినది.

మఱి యంత్రము దేనిని పోల్చును? మొదట పేరును. ఇచటనే చిక్కు ఆరంభమగును. తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరములలో వ్రాయుటకు మనలో ఒక కట్టుబాటు లేదు. లక్ష్మి యను పేరును ఒకరు కె, ఎస్, హెచ్ అను మూడక్షరములు పెట్టి వ్రాయుదురు. ఇంకొకరు ఎక్స్ ఒక్కదానితో సరిపుచ్చుదురు. సీత యనునప్పుడు మనవారు టి ప్రక్కన హెచ్ చేర్తురు, ఉత్తరాదివారు చేర్పరు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట పొడియక్షరము మాత్రమే. తెలుగు లిపిలో వ్రాసినను వెంకట్రావు, వెంకటరావు, వేంకటరావు అని మూడు విధములు. అక్షరమునకు అక్షరము సరిచూచు యంత్రమునకు వీరు ముగ్గురు మనుష్యులు.

దీనికి విరుగుడుగా అమెరికాలో రాబర్టు రస్సెల్ అను నతడు 1918లో ఒక పద్ధతికి పేటెంటు పొందెను. సౌండెక్సు అని దానికి పేరు. పేరులోని మొదటి అక్షరము నుంచి, అచ్చులను విడిచి, ధ్వనిలో దగ్గఱగ నుండు హల్లులకు ఒకే అంకె వేయుట అందలి కీలకము. ఆ దేశపు జనాభా లెక్కల చీటీలను వెదకుటకు అది బాగుగ నుపకరించినది. మన పేర్లకు ఎట్లుండునో చూతము. వెంకన్న యను పేరును ఇంగ్లీషున వ్రాసి, నేడు వాడుకలోనున్న ఈ లెక్క వేసినచో వి అను అక్షరము ప్రక్కన 5, 2, 5 అను అంకెలు వచ్చును. వెంకమ్మకును అవియే వచ్చును! న, మ రెండును అందు ఒకే గుంపు. అన్నకును అమ్మకును భేదము తెలియని ఈ లెక్క, వెంకన్న తన పేరును వి బదులు డబ్ల్యుతో మొదలిడినంతనే అతడు వేఱొకడని తీర్మానించును. 1965లో లెవెన్‌ష్టైన్ అను రష్యా గణితవేత్త ప్రకటించిన కొలత ఇంతకంటె మేలు: ఒక మాటను రెండవ మాటగ మార్చుటకు ఎన్ని అక్షరములు చేర్చవలెనో, తీయవలెనో, మార్చవలెనో లెక్కించుట. కాని సుబ్బయ్యను సుబ్బమ్మ చేయుటకు రెండు మార్పులు చాలును. వెంకటేశ్వర్లును వెంకటేశ్వరరావు చేయుటకు అంతకంటె ఎక్కువ కావలెను. సుబ్బయ్య, సుబ్బమ్మలు నిశ్చయముగ ఇద్దఱు. వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు ఒక్కడే కావచ్చును. పేరు ఒకదానినే నమ్ముకొన్నవాడు ఇట్లే తలక్రిందుగ తీర్పు చెప్పును.

"పేరొక్కటియే గాదు, ఊరు, ఇంటిపేరు, సర్వే నంబరుగూడ చూతుము, అన్నియు సరిపోయినచో ఇక సందేహమేమి?" అని కొందఱు. సందేహమున్నది. సూరయ్య యను పెద్దకు ఇద్దఱు కొడుకులనుకొందము. మన యాచారము ననుసరించి ఇద్దఱును తమ తొలికొడుకునకు తండ్రిపేరే పెట్టుదురు. ఇప్పుడు ఒకే ఊరిలో, ఒకే యింటిపేరుతో ఇద్దఱు సూరయ్యలు. తాతగారి చెలక ఒకే సర్వే నంబరు. అన్నదమ్ములు పంచుకొనిరి గాని సబ్‌డివిజను కాగితములో ఎక్కలేదు. నాలుగు గడులును అక్షరాల సరిపోయినవి. ఊరివారికి ఏ చిక్కును లేదు. ఒకనిని పెద్ద సూరయ్య యందురు, రెండవవానిని కాలువగట్టు సూరయ్య యందురు. యంత్రమునకు ఆ పిలుపులు తెలియవు. వీరిద్దఱిని వేఱుపఱచునది తండ్రిపేరు ఒక్కటే. దానిని గుమాస్తా ఖాళీగ విడిచియుండినచో ఆ ఆధారమును పోయినట్లే.

పుట్టినతేదీ చూడరాదా యందురు. ఆధారు నమోదుచేయించుకొన్న కాలమున పత్రము లేక నోటితో వయస్సు మాత్రము చెప్పినవారికి ఆ సంవత్సరపు జనవరి 1వ తేదీ పడినది. మన ముసలి రైతులలో జనవరి 1న పుట్టినవారు ఎందఱున్నారో మీ మీ ఊళ్లలో విచారించిన తెలియును. ఫోను నంబరు ఇంతకంటె బలహీనము. ఇల్లంతటికి ఒకే ఫోనున్నచోట తండ్రి, తల్లి, కొడుకు ముగ్గురును ఆ నంబరే వ్రాయింతురు. ఒక్కనికే రెండు సిమ్ములున్నచోట అతడు ఇద్దఱగును. పట్టణములలో పోర్టలులు నడుపువారు ఒకే యంత్రమునుండి, ఒకే ఇంటర్నెట్టు చిరునామానుండి అనేక ఖాతాలు తెఱవబడినచో అనుమానింతురు. ఆ సూత్రమును మన యూళ్లకు వర్తింపజేసినచో మీసేవ కేంద్రమున ఒక్క కంప్యూటరు ముందు ఒక్క యువకుడు కూర్చుండి నమోదుచేసిన ఊరంతయు అనుమానితుల పట్టీలో పడును.

ఇక ఆధారు. 2010 సెప్టెంబరు 29వ తేదీన మహారాష్ట్రమందలి టెంభ్లీ గ్రామమున మొదటి సంఖ్య లిచ్చిరి. పది వ్రేళ్ల ముద్రలు, రెండు కంటిపాపల గుర్తులు తీసికొని, అంతకుముందు నమోదైనవానితో పోల్చి, ఒకనికి ఒకే సంఖ్య ఇచ్చుట అందలి ఉద్దేశము. మా యెఱిగిన గుర్తులలో ఇదియే గట్టిది. ఐతే గట్టి గుర్తు సరియైన గడిలో పడినప్పుడే పనికివచ్చును. ఆ 12 అంకెలలో చివరిది వెర్హోఫ్ అను డచ్చివాని 1969 నాటి పద్ధతిచే లెక్కించినది. ఒక అంకె తప్పు వ్రాసినను, ప్రక్కప్రక్క రెండంకెలు తాఱుమాఱైనను పట్టియిచ్చును. కాని పెద్ద సూరయ్య కాగితమునకు చిన్న సూరయ్య ఆధారు ప్రతిని కుట్టినచో, ఆ సంఖ్య తనంతట శుద్ధమైనదే. తప్పు కుట్టినవానిది, దానిని ఏ లెక్కయు పట్టజాలదు. మట్టిపని చేసిచేసి గీతలరిగిన వ్రేళ్లను యంత్రము గుర్తింపక రైతులు పడు పాట్లు వేఱుగ చెప్పనక్కఱలేదు.

జంట యనుమాటకు అన్నిచోట్ల ఒకే యర్థము లేదనికూడ గమనింపవలెను. 2019 ఫిబ్రవరి 24న ఆరంభమైన పి.ఎం. కిసాన్ పథకమున ఏటికి 6,000 రూపాయలు కుటుంబమునకు. కుటుంబమనగా భర్త, భార్య, మైనరు బిడ్డలు. అచట భార్యాభర్తలు వేర్వేఱుగ పొందినచో జంటయే. మన సంఘములో భార్యకును భర్తకును వేర్వేఱు వాటాలున్నచో ఇద్దఱును న్యాయమైన సభ్యులు, రెండు ఓట్లకు హక్కుదారులు. ఒకచోటి జాబితాను తెచ్చి ఇంకొకచోట కత్తిగ వాడరాదు.

ఇన్ని చిక్కులున్నను ఈ శాస్త్రము వృథా యని మేమనము. 1969లో కెనడా ప్రభుత్వ గణాంకశాఖలో పనిచేసిన ఫెల్లెగి, సంటర్ అను నిద్దఱు ఈ విషయమును చక్కగ విడదీసి చూపిరి. ప్రతి గుర్తునకును దాని బరువు దానికుండవలెను. అరుదైన యింటిపేరు రెండుచోట్ల సరిపోయినచో దానికి ఎక్కువ బరువు. ఊరిలో సగముమందికి ఉన్న యింటిపేరు సరిపోయినచో స్వల్పము. బరువులన్నియు కూడి జంటలను మూడు కుప్పలు చేయవలెను: నిశ్చయముగ ఒక్కడే యనునవి, నిశ్చయముగ ఇద్దఱనునవి, నడుమ తేలనివి. నడిమికుప్పను మనుష్యులు చూడవలెనని వారి పద్ధతిలోనే యున్నది. మనవారు తొందరలో ఆ నడిమికుప్పను ఎత్తివేసి, రెండే కుప్పలు చేయుచున్నారు. మా తగవు అంతయు ఇచటనే.

వరిమడిలో ఊద తీయు పని అందఱికి తెలిసినదే. లేతప్రాయమున ఊద వరివలెనే యుండును. ఆకు కాడను అంటు చోట వరికి సన్నని పొర నాలుకవలె నుండును, ఊదకు ఉండదు. తెలిసినవారు ఆ గుర్తు చూచి పెఱుకుదురు. గుర్తు కానరానంత లేతదైనచో నాలుగుదినము లాగుదురు. ఊద నాలుగుదినము లుండినచో కొంత ఎరువు తినును. వరిమొక్కను పెఱికినచో ఆ కుదురు ఖాళీ.

సభ్యుల పట్టీయందును ఈ రెండు తప్పుల బరువు సమానము గాదు. ఒక జంట పేరు ఇంకొక నెల నిలిచినచో సంఘమునకు కలుగు నష్టము కొలది. ఆ ఖాతామీద క్రొత్తఋణ మీయక ఆపియుంచినచో ఆ కొలదియు లేదు. వేఱువేఱు మనుష్యులను ఒక్కడని కలిపివేసినచో మాట వేఱు. పెద్ద సూరయ్య మీఱిన బాకీ చిన్న సూరయ్య నెత్తిమీదికి వచ్చును. జూనులో తొలకరి పడినతోడనే విత్తనములకును ఎరువులకును ఋణము కోరి వచ్చినవానికి "నీ పేర బాకీ యున్నది" అని జవాబు. అతడు తహసీలు, సంఘము, బ్యాంకు చుట్టును తిరిగి, తాను రెండవవాడు గాడని రుజువుచేసికొనునప్పటికి అదను దాటును. తాను తానే యని నిరూపించుకొనుట ఎంత కష్టమో అనుభవించినవానికే తెలియును. ఆ నడుమ అతడు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి ఊరిలో అప్పు తెచ్చుకొనును. ఏ వడ్డీనుండి తప్పించుటకై 1904లో మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెనో, ఆ వడ్డీకే సంఘము తన సభ్యుని అప్పగించినట్లగును.

కావున మా యభిప్రాయ మిది. యంత్రము తెలిపిన ప్రతి జంటయు అనుమానమే గాని తీర్పు గాదు. రెండు పేర్లవారికిని చీటీ పంపి పిలిపించవలెను. ఇద్దఱు మనుష్యులు ఎదుట నిలిచినచో వాదమే లేదు, ఒక్కడే రెండు చీటీలతో వచ్చినచో అదియు తేలినట్లే. తీర్మానమును కార్యవర్గము కారణములతో మినిట్సు పుస్తకమున వ్రాయవలెను. జంట యని తేలిన పేరునుగూడ పూర్తిగ చెఱిపివేయరాదు. రెండవ నంబరు మొదటిదానిలో చేరినదని గుర్తుపెట్టి నిలుపవలెను. అట్లు చేసినచో తప్పు తేలిననాడు విడదీయుటకు వీలుండును. చెఱిపినదానిని తిరిగి వ్రాయుట, అందునను వాటాధనము, పొదుపు, బాకీ మూడును కలిసిపోయిన తరువాత, ఎంత తెలివైన గుమాస్తాకును గగనమే. తెలిసి మోసముచేసినట్లు రుజువైనవానిని మాత్రము ఊరక విడువరాదు. అదనపు ఋణమును వడ్డీతో వసూలుచేయవలెను, అతడు ఎంతటి పెద్దరైతైనను సరే. పేదవాని అక్షరదోషమును వెంటాడి, పలుకుబడి గలవాని రెండవ ఖాతాను మన్నించు సంఘమునకు ఎంత మంచి యంత్రమున్నను ప్రయోజనము లేదు.

కార్యదర్శులకు తీరిక లేదను ఆక్షేపణ మాకు వినబడకపోలేదు. పని నిజముగ ఎక్కువే. కాని మొదటి రెండు కుప్పలను యంత్రము విడదీసిన పిమ్మట మిగులునవి తక్కువ. ఊరికొక దినము పెట్టుకొని, ఆ యూరి రచ్చబండవద్దనే జాబితా చదివినచో సగము చిక్కులు అచటనే విడిపోవును. కాలువగట్టు సూరయ్య యెవరో అచట పసిపిల్లలుకూడ చెప్పుదురు. ఆ జాబితా తెలుగులో నుండవలెను. ఇంగ్లీషు అక్షరములలో గోడకంటించిన జాబితా రైతునకు నోటీసు ఇచ్చినట్లు కాదు.

సభ్యులు చేయవలసినదియు కొంత గలదు. వేసవి పనులు తెమలి, ఋణముల దరఖాస్తులు మొదలుకాకమునుపే సంఘము ఆఫీసుకు పోయి తమ ఖాతా వివరములు అచ్చువేయించి చూచుకొనవలెను. తండ్రిపేరు, లేదా భర్తపేరు, ఉన్నదా? సర్వే నంబరు సబ్‌డివిజనుతో సహా పాసుపుస్తకములో నున్నట్లే యున్నదా? ఆధారు సంఖ్యలోని చివరి నాలుగంకెలు తమవేనా? ఇంటిపేరు మారిన స్త్రీలు రెండు పేర్లును తెలుపుచు ఒక కాగితము వ్రాసి ఇచ్చి, అందినట్లు సంతకము తీసికొనవలెను. తండ్రి గతించియు ఆయన పేరు పట్టీలో నిలిచియున్నచో, మరణధ్రువపత్రము చూపి వాటాధనమును వారసుల పేర మార్పించుకొనవలెను. తాతపేరు పెట్టుకొన్న అన్నదమ్ముల బిడ్డలు ఇద్దఱును ఒకేనాడు కలిసి పోయి, ఎవరి కాగితములు వారి ఖాతాలో నున్నవో ఎదురెదురుగ సరిచూచుకొనుట మేలు.